నాలుగో గడి

ఆ ఆఫీసులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లే లేరు. పెద్దలకు ఫైళ్లక్క, పిల్లలకు ఫైళ్లత్త. సొంత ఇంట్లో ఉండే వీలు లేని పిల్లల్ని కొన్నాళ్లపాటు వేరే కుటుంబంలో ఉంచి పెంచే ఏర్పాట్లు చూసే ఆఫీసది. ఏ పిల్ల ఏ ఇంట్లో ఉందో, ఎప్పుడు మారిందో, ఎందుకు మారిందో ఇరవై ఆరేళ్లుగా ఆమె చేతిమీదుగానే కాగితం మీదికి ఎక్కింది. బీరువా తెరవకుండానే ఏ అరలో ఏ ఫైలుందో చెప్పగలదు. మిగతా విషయాల్లో నోట్లో నాలుక లేని మనిషి. అందరికీ టీ ఇచ్చి తనకివ్వడం మరిచిపోయినా అడిగేది కాదు.

పిల్ల ఇల్లు మారినప్పుడల్లా ఒక ఫారం నింపాలి. 'మారడానికి కారణం' అన్న ప్రశ్న కింద ఏడు గడులు. పెంచే ఇంట్లో జబ్బు, ఉద్యోగం పోవడం, ఇల్లు ఖాళీ చేయడం, వీటిలో దేనికి టిక్కు పెట్టినా విచారణ జరగాలి, ముగ్గురు అధికారులు సంతకాలు పెట్టాలి. ఆ ముగ్గురూ ఒకే రోజు సీట్లో ఉన్నది ఎవరైనా చూశారంటే నేను నమ్మను. సంతకాలయ్యేదాకా పిల్ల ఆఫీసు వెనక గదిలో, ఇనపమంచం మీద, మూడు వారాలు పడి ఉండాలి. ఒక్క నాలుగో గడికి మాత్రం విచారణ అక్కర్లేదు. అందులో ఉన్నది 'పిల్ల ప్రవర్తన'. దానికి టిక్కు పెడితే సాయంత్రానికల్లా కొత్త ఇల్లు దొరికేది.

ఇంకేం కావాలి? "నాలుగేసెయ్యక్కా, పాపం పిల్ల ఆ గదిలో ఏం పడుంటుంది!" అనేవాళ్లు ఇళ్లు తిరిగొచ్చే సూపర్‌వైజర్లు. ఫైళ్లక్క వేసేసేది. పెంచే తల్లికి ఆపరేషన్ అయినా నాలుగే, ఇంటాయనకు బదిలీ అయినా నాలుగే. పిల్లకు మేలే జరుగుతోందని అందరూ మనస్ఫూర్తిగా నమ్మారు. ఆ ఫారాలు ఎవరు చదవొచ్చారు గనక? చెదపురుగులు తప్ప.

అలాంటి ఆఫీసుకు ఒక పెద్ద సంస్థ గ్రాంటు ఇచ్చింది. పాత ఫైళ్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తే, ఏ పిల్ల ఏ ఇంట్లో నిలదొక్కుకుంటుందో అది ముందే లెక్కగట్టి చెబుతుందట. ఆ పని చూడటానికి వచ్చినావిడను అందరూ గ్రాంటు మేడమ్ అన్నారు. మనిషి చెడ్డది కాదు. పిల్లలు ఇల్లిల్లూ తిరిగి నలిగిపోకూడదన్న తపన నిజంగానే ఉంది. ఎనిమిది నెలలపాటు ఫైళ్లక్క పక్కనే కూర్చుని, మెడ పట్టేసినా లేవకుండా ఫారాలు ఎక్కించింది.

ఫలితాలు వచ్చిన రోజు మేడమ్ మొహం వెలిగిపోయింది. "పిల్లలు ఇళ్లు మారడానికి నూటికి డెబ్బైసార్లు వాళ్ల ప్రవర్తనే కారణమండీ! ఇంత స్పష్టంగా ఎక్కడా రాలేదు."

ఆఫీసరు తన ప్రతిభే అన్నట్టు తలాడించాడు. సూపర్‌వైజర్లు ఫ్యాను వంక చూశారు. ఫైళ్లక్క చేతిలో ఉన్న ఫారాన్ని బల్లమీద బోర్లించింది.

కంప్యూటర్ పిల్లలకు మూడు రంగులు పంచింది. ఎరుపు వచ్చినవాళ్లు ఏ ఇంట్లోనూ ఇమడరు కాబట్టి దూరంగా ఉన్న పెద్ద హాస్టల్‌కు పంపాలని సిఫారసు. ఆ జాబితాలో మూడో పేరు బొంగరానిది.

బొంగరం అని పేరు పెట్టింది ఫైళ్లక్కే. నాలుగేళ్ల వయసులో మొదటిసారి వచ్చినప్పుడు ఆ పిల్ల ఫైళ్లక్క తిరుగుడు కుర్చీ ఎక్కి, కళ్లు తిరిగి కిందపడేదాకా గిర్రున తిరిగి, పడ్డాక పడీపడీ నవ్వింది. మూడేళ్లలో ఆరు ఇళ్లు మారింది. ఆరు ఫారాలు, ఆరు నాలుగులు, అన్నీ ఫైళ్లక్క టిక్కులే. ఏడో ఇల్లు ఒక దర్జీ ఆవిడది. రెండేళ్లుగా పిల్ల అక్కడే కుదురుగా ఉంది. పెద్దయ్యేదాకా తన దగ్గరే ఉంచమని ఆవిడ అర్జీ పెట్టుకుంది. గురువారం మీటింగులో దాన్ని తేల్చాలి. ఎరుపు పిల్ల అర్జీ ఎలా తేలుతుందో ఊహించడానికి కంప్యూటరేం అక్కర్లేదు.

ఫైళ్లక్కకు మింగలేక కక్కలేక వారం గడిచింది. నిజం చెబితే ఆ డెబ్బై శాతం కొట్టుకుపోతుంది, గ్రాంటు ఆగిపోతుంది, తప్పుడు కాగితాలు రాసినందుకు తన ఉద్యోగమూ పోవచ్చు. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుంది. గురువారం పొద్దున ఆమె సంగతంతా మొగుడికి చెప్పింది. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు.

"పైకి నొక్కితే కిందికి పోయిందనుకో, లిఫ్టునేం తిడతాం? తీగలు కలిపినోణ్ణి పిలుస్తాం," అన్నాడు చెప్పులు వేసుకుంటూ.

"తీగలు కలిపింది నేనేనండీ."

ఆయన రెండో చెప్పు కూడా వేసుకున్నాడు. "మరైతే నువ్వే వెళ్లాలి," అని, ఆమె భుజం తట్టి పనికి వెళ్లాడు.

ఫైళ్లక్క ఆఫీసుకు వచ్చింది గానీ ధైర్యం చాల్లేదు. దర్జీ ఆవిడ బొంగరాన్ని ఆమె దగ్గర కూర్చోబెట్టి మీటింగు గదిలోకి వెళ్లింది. పిల్ల తిరుగుడు కుర్చీలోనే కూర్చుంది, రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని. కుర్చీ అంగుళం కదల్లేదు.

"తిరగవేమే?"

"తిరగను ఫైళ్లత్తా. ఇప్పుడు నేను అల్లరి చెయ్యడం లేదు."

పిల్ల బడిసంచీలోంచి ఒక పాత కవరు తీసింది. ఫైళ్లక్క దాన్ని చూడగానే గుర్తుపట్టింది. ఇల్లు మారే ప్రతి పిల్లతోనూ టీకాల కార్డు, బడి సర్టిఫికెట్టు, ఫారం నకలు పెట్టి పంపే కవరు. అంటించి ఇచ్చేది తానే.

"చదవడం వచ్చాక ఇవన్నీ చదివాను," అంది బొంగరం, ఆరు నకళ్లూ బల్లమీద వరసగా పేర్చి. "అన్నిట్లోనూ ప్రవర్తన అనే ఉంది. ఏం చేశానో మాత్రం ఎక్కడా రాయలేదు. తెలిస్తే అదొక్కటే మానేసేదాన్ని. తెలీక అన్నీ మానేశాను."

"అన్నీ అంటే?"

"గట్టిగా నవ్వడం. అన్నం రెండోసారి అడగడం. తిరగడం. పిన్ని బట్టలు కుడుతుంటే పక్కన కూర్చుని కబుర్లు చెప్పాలనిపిస్తుంది, చెప్పను. ఇంకా ఏదో మిగిలుంటుంది కదత్తా, అందుకే హాస్టల్ అంటున్నారు. అదేంటో చెప్పవా?"

ఎవరూ చదవరనుకున్న ఫారాల్ని ఈ పిల్ల ఇన్నాళ్లూ పాఠంలా చదువుకుంది. ఫైళ్లక్క లేచి, ఆ ఆరు కాగితాలూ పట్టుకుని, తలుపు కొట్టకుండా మీటింగు గదిలోకి వెళ్లింది.

"ఈ నాలుగులన్నీ అబద్ధం," అంది. ఆరు కాగితాలూ అందరి ముందూ పెట్టింది. "విచారణ తప్పించడానికి నేనే వేశాను."

"ఏం మాట్లాడుతున్నారో తెలుస్తోందా మీకు?" అన్నాడు ఆఫీసరు.

గ్రాంటు మేడమ్ మొహం తెల్లబోయింది. "ఈ పిల్లవేనా? అన్నీనా?"

"చాలా ఉన్నాయమ్మా. కొన్ని నిజమైనవీ ఉన్నాయి. ఏది నిజమో, ఏది కాదో ఇప్పుడు నేనే చెప్పలేను. ఈ పిల్లవి మాత్రం ఆరూ గుర్తున్నాయి."

మేడమ్ తన కంప్యూటర్ మూసేసింది. తాను ఎనిమిది నెలలు ఎక్కించింది ఏమిటో ఆమెకు అర్థమైంది. "ఆ ఆరూ రాసివ్వండి," అంది మెల్లగా. సూపర్‌వైజర్లు అప్పుడు కూడా ఫ్యాను వంకే చూశారు. ఫైళ్లక్క అక్కడే నిలబడి రాసి సంతకం పెట్టింది. మధ్యాహ్నానికి దర్జీ ఆవిడ అర్జీ ఒప్పుకున్నారు. సాయంత్రానికి ఫైళ్లక్క చేతికి సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది, గ్రాంటు రెండో విడత ఆగిపోయింది. మిగతా ఎరుపు పిల్లలను ఏం చేయాలో ఎవరికీ పాలుపోలేదు. వాళ్లలో చాలామంది మొహాలు కూడా ఫైళ్లక్కకు గుర్తులేవు.

వెళ్లేముందు బొంగరం ఆ రాతకు నకలు అడిగి తీసుకుంది. వేలు పెట్టి ఒక్కో వరసా చదివింది. మొదటి ఇంట్లో ఆపరేషన్. రెండో ఇంట్లో బదిలీ. మూడో ఇల్లు యజమాని ఖాళీ చేయించాడు. నాలుగో ఇంటాయన ఉద్యోగం పోయింది. అయిదో ఇంట్లో కవలలు పుట్టారు. ఆరో ఇంటావిడ చనిపోయింది.

"అయితే నేనేం చెయ్యలేదా?"

"ఏం చెయ్యలేదు తల్లీ."

"ఈ సంగతి నీకు అప్పుడే తెలుసా?"

ఫైళ్లక్క నీళ్లు నమల్లేదు. "తెలుసు," అంది.

బొంగరం కాగితాన్ని మడతపెట్టి కవర్లో అన్నిటికన్నా పైన పెట్టుకుంది. తర్వాత దర్జీ పిన్ని చెయ్యి పట్టుకుని, ఫైళ్లత్తకు వెళ్లొస్తానని చెప్పకుండానే మెట్లు దిగింది.