మూడో కృష్ణుడి వన్స్‌మోర్

నా తెలివితక్కువ పనులన్నిటికీ జీవితంలో వన్స్‌మోర్‌లు పడ్డాయి, ఒక్క నా పద్యానికి తప్ప. ఆ కొరత నేనే తీర్చుకుందామనుకోవడం వాటిలోకెల్లా పెద్ద తెలివితక్కువ పని.

మాది మణుగూరు బొగ్గుగని కాలనీ పద్యనాటక సమాజం. ఒక్క నాటకానికి ముగ్గురు కృష్ణులం. పద్యనాటకాల్లో అది మామూలే గానీ, మా దగ్గర దానికి కారణం కళ కాదు, షిఫ్టు. సమాజం పెట్టిన కొత్తలో ఉన్న ఒక్క కృష్ణుడూ ఆట మధ్యలో డ్యూటీ బస్సెక్కి పోయాడట. అప్పట్నుంచి ముగ్గురు. కిరీటం మాత్రం ఒక్కటే, ఒకరు దింపితే ఇంకొకరు పెట్టుకోవాలి. గని నుంచి నేరుగా వస్తాం కాబట్టి నల్లనయ్యకు సగం మేకప్పు అక్కడే అయిపోయేది.

మొదటి కృష్ణుడు మా అక్క మొగుడు. జనం వన్స్‌మోర్ అనడం ఆలస్యం, పద్యం మళ్లీ మొదట్నుంచి ఎత్తుకుంటాడు. మూడోవాణ్ని, నాకున్నది ఒకే ఒక్క పద్యం. దానికో వన్స్‌మోర్ పడాలని, నాటకం మొహం చూడని దోస్తులకు మిర్చి బజ్జీలు పెట్టించి, కృష్ణుడు పద్యం ఆపగానే అరవమన్నాను. ఏ కృష్ణుడో చెప్పలేదు. వాళ్లు తిన్నదానికి న్యాయం చేస్తూ, బావ ఆపినప్పుడల్లా అరిచారు. ఆయన పాడుతూనే పోయాడు. ఆలస్యమైందని నా రంగం ఎత్తేశారు.

"ఏంది బామ్మర్దీ, నీ దోస్తులకు సంగీతం బాగనే తెలుసు," అన్నాడు బావ, కిరీటం పెట్టెలో పెడుతూ.

తర్వాతి ఆట తల్లాడలో. రెండో కృష్ణుడికి సెలవు దొరకలేదు. ఆలస్యం కాకుండా అందరి పద్యాలూ తనే పాడతానన్నాడు బావ. నాదీ పోయింది. హార్మోనియం వాయించే టైలర్ భాయ్ నా మొహం చూసి, "మీ బావ గొంతుకు హద్దుంది, ఆశకు లేదు," అని మెల్లగా అన్నాడు.

ఈసారి దోస్తులకు బజ్జీలు రెట్టింపు పెట్టించి, వెనకటి మాటే చెప్పాను, కావాలనే. మొదటి వన్స్‌మోర్‌కు బావ మురిసిపోయాడు. తర్వాతి దానికి గుండెమీద చెయ్యేసుకున్నాడు. కాసేపటికి గొంతులోంచి రాగానికి బదులు గాలి వచ్చింది. ఆట ఆగకూడదు. తెర పక్కకొచ్చి, కిరీటం తీసి నా నెత్తిన పెట్టాడు.

నా పద్యం పాడాను. చప్పట్లు పడ్డాయి గానీ వన్స్‌మోర్ అన్నవాడు లేడు. బజ్జీలు ఎప్పుడో అయిపోయాయి మరి. తెర పక్క నుంచి బావ, చాలు వచ్చేయమని చెయ్యి ఊపుతున్నాడు. పెద్దవాడు, అంతగా అడుగుతుంటే కాదనలేక, మళ్లీ మొదట్నుంచి ఎత్తుకున్నాను.