వీడియో ఆపేసిన చోట

మచిలీపట్నం బ్రాంచికి సర్వీస్ మేనేజరుగా బదిలీ అయి వచ్చేనాటికి నాకు ఇంకా మూడేళ్ల ఉద్యోగమే మిగిలింది. వేసవి పంటకు చెరువుల్లో రొయ్యపిల్లలు వదులుతున్న రోజులవి. మా కంపెనీ నీటి పరీక్ష పరికరాలు తయారుచేసేది. హెడ్డాఫీసు హైదరాబాదులో. కృత్తివెన్ను రొయ్యల చెరువులు, గుడివాడ చుట్టుపక్కల చేపల చెరువులు, కింద దివిసీమ దాకా మేం అమ్మిన మీటర్ల మరమ్మతు, కొన్నవారికి శిక్షణ నా శాఖ చూసుకునేది.

మా సరుకులో ఎక్కువగా అమ్ముడుపోయేది ఆక్సిజన్ మీటరు. నీటిలో కరిగిన ఆక్సిజన్ ఎంతుందో చెబుతుంది. రైతులు ఆ కొలతను డీఓ అంటారు. అది మరీ పడిపోతే రొయ్యలు ఊపిరాడక పైకి తేలతాయి, కాసేపట్లో చచ్చిపోతాయి. మీటరుకు వైరు చివర ప్రోబు అనే గొట్టం ఉంటుంది. దాని మూతికి సన్నని పొర, పొర వెనక ఒక ద్రావణం. పొర పాతబడితే మార్చాలి. లోపల గాలి బుడగ మిగలకుండా కొత్తది బిగించడం చేతి ఒడుపు మీద ఆధారపడిన పని. పొర మార్చిన ప్రతిసారీ కాలిబ్రేషన్ చేయాలి. అంటే ప్రోబును తడిగుడ్డకు కాస్త పైన, గాలిలో పట్టుకుని, అంకె నిలకడగా నిలిచాక బటన్ నొక్కి, సరైన కొలత ఇదని మీటరుకు చెప్పడం. అది చేయకపోయినా మీటరు అంకెలు చూపిస్తూనే ఉంటుంది. వాటిని నమ్మడానికి మాత్రం ఉండదు.

నేను వచ్చేసరికి ‘మీటరు పాడైంది’ అంటూ తిరిగొచ్చిన డబ్బాలు మా గదిలో గోడవారగా పేరుకుని ఉన్నాయి. విప్పి చూస్తే చాలావాటిలో లోపమేమీ లేదు, పొర సరిగ్గా బిగించలేదంతే. లోపల మేం పెట్టిన మాన్యువల్ మడత విప్పకుండా అలాగే ఉండేది. ఈ సంగతి పైకి రాస్తే, హెడ్డాఫీసులో ప్రోడక్ట్ విభాగాధిపతి శ్రీధర్ గారు వెంటనే నిర్ణయం తీసుకున్నారు. పుస్తకం ఆపేసి దాని బదులు ఒక వీడియో తీయాలి. డబ్బా మీద క్యూఆర్ కోడ్ ముద్రిస్తే రైతులు ఫోనులో చూసుకుంటారు. “ఈ రోజుల్లో ఎవరు చదువుతారండీ?” అన్నారాయన. నాకూ సబబుగానే తోచింది.

ఒప్పుకోనిది పద్మజ ఒక్కతే. ఆమె మా టెక్నికల్ రైటర్. అంటే వాడేవారికి కావలసిన సూచనలన్నీ రాసే ఉద్యోగి. సొంతూరు అవనిగడ్డ దగ్గర. హోదాలో శ్రీధర్ గారికి చాలా కిందిది. మాన్యువల్ రాసింది ఆమే కాబట్టి తన రాతను కాపాడుకుంటోందని కొందరు చెవులు కొరుక్కున్నారు. ఆమె అభ్యంతరం అది కాదు.

“వీడియో వద్దనట్లేదు సార్. దేనికి వీడియో కావాలి, దేనికి కాగితం కావాలి అని తేల్చకుండా ఒకదాన్ని తీసెయ్యద్దంటున్నాను” అంది.

ఆ మాట చెల్లలేదు. అయినా వీడియోకి స్క్రిప్టు ఆమే రాసింది, మనసు పెట్టి రాసింది. అది విడుదలయ్యాక తిరిగొచ్చే డబ్బాలు బాగా తగ్గాయి. పైనుంచి అభినందనలు వచ్చాయి. పద్మజ మాత్రం వాడేవాళ్లను దగ్గరుండి చూస్తే గానీ ఏ సంగతీ చెప్పలేనంది. ఆమె పద్ధతి అప్పటిదాకా నేనెక్కడా చూడనిది. రైతు పక్కన కూర్చుని మీటరు వాడమనేది. తను నోరు మెదిపేది కాదు, పొరపాటు చేస్తున్నా అందుకునేది కాదు. చెయ్యి ఎక్కడ ఆగింది, చూపు దేనికోసం వెతికింది అన్నదే గమనించేది.

అల్పపీడనం పట్టి ముసురుగా ఉన్న ఒక మధ్యాహ్నం ఆ పనిమీదే ఇద్దరం కారులో పెడన దాటి కృత్తివెన్ను వెళ్లాం. అక్కడ సుబ్బారావు గారు, రత్నం గారు అనే దంపతులు చెరువులు లీజుకు తీసుకుని రొయ్యలు పెంచుతున్నారు. మేం దిగేసరికి చెరువులో నీటికి గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతున్నాయి, గట్టు మీద మనుషులు వలలు సర్దుతున్నారు. రొయ్య ఇంకా ఎదగలేదని నాకు తెలుసు. ఏమైందని అడిగాను.

“ఏం చెప్పమంటారు సార్! పొద్దుట్నుంచీ డీఓ రెండు దాటట్లేదు. ఏరేటర్లన్నీ తిప్పుతూనే ఉన్నాం. అంతా పోయాక చేసేదేముంది, ఉన్నకాడికి పట్టేద్దామని మనుషుల్ని పిలిచాను” అన్నారు సుబ్బారావు గారు. ఆ సైజులో పట్టేస్తే ఆ పంట మీద పెట్టిన కష్టమంతా నీళ్లపాలే.

మేత తిన్నాయో లేదో చూసే పళ్లెం చూపిస్తూ రత్నం గారు అడ్డుపడ్డారు. “రొయ్య ఒక్కటన్నా పైకి తేలిందా? చెక్‌ట్రేలో వేసిన మేత శుభ్రంగా తినేసింది. ఊపిరాడనిది మేతెట్టా తింటదండీ? చెప్తుంటే ఈయన వినట్లేదు.”

“నిన్ననేగా నువ్వే కొత్త పొర వేశావు. మీటరు కళ్లెదురుగా చూపిస్తుంటే నీ మాట వినమంటావా?” అన్నారాయన.

నేను కారులోంచి మా పరీక్ష మీటరు తెచ్చి నీళ్లలోకి దించాను. నాలుగు దాటి చూపించింది, రొయ్యకు ప్రమాదం లేని కొలత. పక్కనే వాళ్ల మీటరు పెడితే రెండు. సుబ్బారావు గారు రెండింటినీ మార్చి మార్చి చూసి, “మరి ఏది నిజం సార్?” అన్నారు. అడగాల్సిన ప్రశ్నే. మా మీటరును మాత్రం ఆయన ఎందుకు నమ్మాలి?

జవాబు పద్మజ చెప్పింది. “రెండూ గాలిలో పెట్టి చూద్దాం బాబాయిగారూ. గాలిలో నూరు శాతం చూపించాలి. అక్కడ కూడా ఏది తక్కువ చూపిస్తే తేడా దాంట్లోనే ఉంది.” మాది నూరు చూపించింది, వాళ్లది అందులో సగం దగ్గర ఆగింది. ఆయన వలల వాళ్లకి ఆగమని చెయ్యి ఊపారు.

నేనైతే ఆ మీటరు తీసుకుని అక్కడికక్కడ సరిచేసి ఇచ్చేవాణ్ని. చెయ్యి చాపాను కూడా. పద్మజ కళ్లతోనే ఆగమంది. “పిన్నిగారూ, నిన్న పొర మార్చారన్నారుగా. ఎట్టా మార్చారో ఇంకొక్కసారి చేసి చూపిస్తారా?”

రత్నం గారు షెడ్డులో కూర్చుని ఫోనులో మా వీడియో పెట్టుకున్నారు. ద్రావణం నింపి, వేలితో మెల్లగా తట్టి, వాలుగా పట్టుకుని పొర బిగించారు. లోపల బుడగ లేదు. మా సర్వీస్ కుర్రాళ్లలో కూడా అంత శుభ్రంగా చేసేవాళ్లు తక్కువ. చేతులు తుడుచుకుని వీడియో ఆపేసి, “ఇంతేనమ్మా” అన్నారు.

“తర్వాత?”

“తర్వాతేముంది? పొర పడిందిగా.”

వీడియో ఇంకా మిగిలే ఉంది. కాలిబ్రేషన్ ఆ మిగిలిన భాగంలో ఉంది. ఇంకా ఉందని పద్మజ చెబితే రత్నం గారు దానికోసం వెతికారు. తడి వేలు ఆనితే తెర ఒకసారి ముందుకు దూకింది, ఒకసారి మొదటికొచ్చింది. ముసురుకు సిగ్నల్ పోయి బొమ్మ నిలిచిపోయింది. “ఇందాక కనపడిందే, ఏదమ్మా అది?” అని విసుక్కున్నారు. పద్మజ అంతా చూసి, అప్పుడు నోరు విప్పింది. చేయవలసినవి తేలిక మాటల్లో చెప్పింది. రత్నం గారు చెప్పినట్టే చేశారు. రెండు మీటర్లూ మళ్లీ నీళ్లలో దించితే ఒకే కొలత దగ్గర నిలిచాయి.

సుబ్బారావు గారు వలల వాళ్లను పంపించేసి వచ్చి భార్యతో, “ఇకమీదట ముందు నిన్నడిగి, తర్వాత మీటరు చూస్తాలే” అన్నారు. ఆ రొయ్య పూర్తిగా ఎదిగాకే ఆ చెరువు పట్టారని తర్వాత తెలిసింది.

తిరిగి వస్తూ, నువ్వన్నదే నిజమైందని పద్మజతో అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. “పొర ఎంత బాగా బిగించారో చూశారా సార్? అది నేను ఎన్ని పేజీలు రాసినా నేర్పలేను, వీడియోనే నేర్పింది. కానీ ఆపిన చోటు నుంచి కావాల్సింది వెతుక్కోవడం కుదర్లేదు. అది కాగితం పని” అంది. వాదనలో గెలిచిన మనిషి అవతలి పక్షంలోని మంచిని అంత నిక్కచ్చిగా చెప్పడం నా ఉద్యోగంలో అరుదుగానే చూశాను.

మరుసటి సమీక్షకు ఇద్దరం హైదరాబాదు వెళ్లాం. పద్మజ ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. మీటరు, ఫోను శ్రీధర్ గారి ముందు పెట్టింది. మీటరు మీద ఒక ఎర్రర్ కోడ్ వెలుగుతోంది. దానికేం చేయాలో వీడియో చూసి చెప్పమంది. ఆయన వెతికారు. ముందుకు జరిపారు, వెనక్కి జరిపారు. చివరికి ఫోను బల్ల మీద పెట్టి, “కాగితం ఎంత సైజు కావాలమ్మా?” అన్నారు. పట్టుదలకు పోకుండా అంత త్వరగా మనసు మార్చుకున్నందుకు ఆయన మీద కూడా నాకు గౌరవం పెరిగింది.

పాత మాన్యువల్ మళ్లీ రాలేదు. నీటికి తడవని ప్లాస్టిక్ కార్డు వచ్చింది. ఒకవైపు కాలిబ్రేషన్, రెండోవైపు ఎర్రర్ కోడ్లు, పెద్ద అక్షరాల్లో. దాన్ని మీటరు వైరుకే కట్టి పంపేవాళ్లం. వీడియోను ఒక్కో పనికి ఒక్కటిగా చిన్న ముక్కలు చేశారు. పొర మార్చే ముక్కను కృత్తివెన్నులో, రత్నం గారి చేతులతో మళ్లీ తీశారు. ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే, గాజులు తియ్యనన్నారు. చప్పుడు మైకులో పడుతుందని కెమెరా అతను గునిశాడు. పడనివ్వమంది పద్మజ. కొన్నాళ్లకు గుడివాడ నుంచి చేపల రైతులు ఫోను చేసి, “ఆ గాజులావిడ వీడియో పంపండి” అని అడగడం మొదలుపెట్టారు.

ఆ తర్వాత మా బ్రాంచిలో ఏ కొత్త పరికరం వచ్చినా పుస్తకమా, వీడియోనా అనే చర్చ జరగలేదు. పని చేస్తున్నప్పుడు మనిషి చేతులు ఎక్కడుంటాయి, ఫోను ఎక్కడుంటుంది, ఏది చూసి నేర్చుకోవాలి, ఏది మధ్యలో ఆగి వెతుక్కోవాలి అని అడిగేవాళ్లం. వాటికి జవాబు ఆఫీసులో దొరకదు. ఒకరు వెళ్లి వాడేవారి పక్కన మాట్లాడకుండా కూర్చోవాలి. నేను దిగిపోయేదాకా ఆ పనికి పద్మజనే పంపాను.