స్కూటర్ మీది కుర్చీ

“‘బయట’ అని అంత పెద్దగ రాయకు బేటా. జెర చిన్నగ రాయి. చూసినోళ్లకు ముందుగాల ‘ఫోటో’ అన్నది కండ్లవడాలె, ‘నేర్పుతం’ అన్నది కండ్లవడాలె. ‘బయట’ అన్నది ఆఖరికి కనవడాలె. అప్పటికి లోపటికొచ్చి కూసుంటరు, లేచిపోలేరు.”

నేల మీద పరిచిన రేకు బోర్డు పైన వంగి సుద్దముక్కతో గీతలు కొడుతున్న ప్రభాకర్ తల ఎత్తలేదు. “నేర్పేదే బయట ఫోటోలు. గా మాటనే చిన్నగ రాస్తే ఎట్ల చాచా?”

“నువ్వు బోర్డులు రాసేటోనివి, నీకు అక్షరం కనవడుతది. నాకు మొఖం కనవడుతది. ‘బయట’ అనంగనే మొఖాలు ఎట్లయితున్నయో నేను చూస్తున్న.”

“ఆదివారం నాడు పోశమ్మ మొఖం చూసిండు గద, అప్పటిసంది గిదే భయం,” అన్నది వంటింట్లోంచి జానీ పాషా భార్య వజీరాబీ. “మొఖమే గాదు, చీపురు గూడ చూసిండు.”

“నువ్వు చాయ్ పెట్టు ముందు,” అన్నాడాయన.

తొంభై మూడో సంవత్సరం అయిపోవస్తున్న రోజులవి. సిద్దిపేటలో పాత బస్టాండు వెనక సందులో జానీ పాషా ఫోటో స్టూడియో ఉంది. ముందు గది స్టూడియో, వెనక ఇల్లు, ఇంకా వెనక చిన్న వాకిలి. ఆ వాకిట్లోనే పొద్దటి ఎండలో కూర్చుని ప్రభాకర్ బోర్డు రాస్తున్నాడు. అతనికి ఈ పని ఎవరూ నేర్పలేదు. చిన్నప్పుడు దుకాణాల పేర్లు బొగ్గుతో గోడల మీద దింపి దింపి చెయ్యి తిప్పుకున్నాడు. అక్షరం ఎంత నిదానంగా దిద్దుతాడో ఎదుటివాళ్ల మాట అంత నిదానంగా వింటాడు. అందుకే అతను బోర్డు రాయడానికి వచ్చిన ఇంట్లో పని ఒక పూట ఆలస్యమవుతుంది గాని, ఆ ఇంటివాళ్లు మాత్రం మళ్లీ అతన్నే పిలుస్తారు.

బోర్డు సంగతి ఇలా మొదలైంది. బడిలో డ్రిల్లు చెప్పే సామ్యూల్ సారు కొత్తగా కెమెరా కొన్నాడు. ఆయన స్నేహితుడు, బ్యాంకులో పనిచేసే చంద్రశేఖర్, ఇంకొకటి కొన్నాడు. ఇద్దరూ వచ్చి, ఎండలో మనిషిని ఫోటో తీయడం నేర్పమని జానీ పాషాను అడిగారు. జనవరిలో ఆదివారాలు పొద్దున, మొదట కోమటి చెరువు కట్ట మీద, తరువాత పత్తి మార్కెట్టు దగ్గర, చివరికి ధూళిమిట్ట దారిలో గుట్టల దగ్గర అని అనుకున్నారు. దానికి ‘వర్క్‌షాప్’ అని పేరు పెట్టింది సామ్యూల్ సారు. బోర్డు కట్టిస్తే ఇంకో నలుగురు వస్తారని చెప్పింది కూడా ఆయనే.

నేర్చుకునేవాళ్లు దొరికారు. కూర్చునేవాళ్లే దొరకలేదు. కెమెరా ముందు ఎండలో ఒక్క మనిషి కూర్చుంటే గాని మొదటి ఆదివారం జరగదు. ఇంకో వారం మిగిలింది. జానీ పాషా అడిగిన ప్రతివాళ్లూ ‘లోపలైతే దిగుత, బయటైతే వద్దు’ అంటున్నారు.

ఎందుకంటున్నారో ఊరందరికీ తెలుసు.

జానీ పాషాది గజ్వేల్. తండ్రి గొడుగులు బాగుచేసేవాడు. కొడుకు సికింద్రాబాదులో ఒక స్టూడియోలో ఫోటోలు కడగడానికి కుదిరి, కడిగేవాడు కాస్తా తీసేవాడై, పెళ్లయ్యాక సిద్దిపేట వచ్చి సొంతంగా పెట్టుకున్నాడు. స్టూడియో గోడకు నది, వంతెన, కొబ్బరి చెట్లు ఉన్న పరదా ఉంటుంది. బతికున్నవాళ్లు తలకు నూనె రాసుకుని, పెట్టెలో బట్టలు తీసి తొడుక్కుని వచ్చి ఆ వంతెన ముందు నిలబడతారు. పోయినవాళ్లు రాలేరు కాబట్టి కెమెరానే వాళ్ల దగ్గరికి పోవాలి. ఇళ్లలో వెలుతురు చాలదు. పోయిన మనిషిని వాకిట్లోకి తెచ్చి, కూర్చోబెట్టి, దండ వేసి తీయాలి. మంచాలు ప్రతి ఇంట్లో ఉంటాయి గాని, మనిషిని ఒరిగిపోకుండా నిలబెట్టే కుర్చీ ఎక్కడుంటుంది? అందుకని జానీ పాషా వడ్లాయన దగ్గర ఎత్తు వీపు, రెండు చేతులు ఉన్న టేకు కుర్చీ ఒకటి చేయించుకున్నాడు. కబురు రాగానే దాన్ని స్కూటరు వెనక తాళ్లతో కట్టుకుని బయలుదేరేవాడు.

కుర్చీ లేకుండా స్కూటరు పోతే ఎవరూ పట్టించుకోరు. కుర్చీతో పోతే మాత్రం దారి పొడుగునా, “ఏ ఊరు చాచా?” అని అడుగుతారు. ఏం జరిగిందని ఎవరూ అడగరు. ఏ ఊరో చెబితే చాలు, ఎవరై ఉంటారో వాళ్లే అనుకుంటారు. కొందరు తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుంటారు.

“నా తప్పు ఏందంటే,” అన్నాడు జానీ పాషా చాయ్ గ్లాసు అందుకుంటూ, “గా కుర్చీ తీస్కపోవుడే. కుర్చీ లేకుంట మనిషిని ఎట్ల కూసోబెట్టాలె అన్నదే నాకు తట్టలే. బయటి ఫోటో అంటే కుర్చీ. గంతే. ముప్పై ఏండ్లసంది చెయ్యికి గదే అలవాటు.”

పోయిన ఆదివారం సామ్యూల్ సారు వాళ్లకు ఒకసారి చూపిద్దామని జానీ పాషా రిక్షా తొక్కే పోశయ్యను ఒప్పించాడు. చాయ్, ఒక ఫోటో ఊరికే ఇస్తానన్నాడు. కుర్చీ స్కూటరు మీద కట్టాడు. చౌరస్తా దాటకముందే ఇద్దరు “ఏ ఊరు చాచా?” అన్నారు. “ఈ ఊరే, చెరువుకట్ట,” అన్నాడు ఉన్నమాటగా. వాళ్లు వెంట నడిచారు. చేపలు అమ్మేవాళ్లు తట్టలు మూసి నడిచారు. కట్ట మీదికి చేరేసరికి చిన్న ఊరేగింపైంది.

పోశయ్య వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. జానీ పాషా అలవాటుగా అతని గడ్డం పట్టి ఎత్తాడు. తల నిటారుగా నిలిపాడు. తువ్వాల మడిచి మెడ వెనక పెట్టాడు. “కదలకు,” అన్నాడు. ఎండకు కండ్లు మూసుకున్న పోశయ్య కదల్లేదు.

“జానీ పాషా కుర్చీ కట్ట మీదున్నదట, మీ ఆయనే గండ్ల ఉన్నడట,” అని ఎవరో పోయి పోశమ్మకు చెప్పారు. వాకిలి ఊడుస్తున్న మనిషి చేతిలో చీపురుతోనే పరుగెత్తింది. కట్ట ఎక్కేటప్పటికే ఏడుపు ఎత్తుకుంది. జనం జరిగి దారి ఇచ్చారు. ముందుకు వచ్చి చూస్తే పోశయ్య కండ్లు తెరిచి, “ఏమైందే, ఎందుకేడుస్తున్నవ్? ఎవ్వలు వోయిన్రు?” అని అడిగాడు.

“అప్పుడు ఏమన్నదో చెప్పు,” అన్నది వజీరాబీ గడపలో కూర్చుంటూ.

“ఎందుకులే.”

“నేను జెప్త. ‘బతికున్నోన్ని గండ్ల కూసోబెట్టెతందుకు నీకు చేతులెట్లొచ్చినయ్ పాషాభాయ్? ముందు నువ్వు కూసో, నేను తీస్త,’ అన్నది. అనుకుంట చీపురు ఎత్తింది. ఈయన కెమెరాను కడుపుల వెట్టుకున్నడు, చూడు, దెబ్బ తనకు తగిలితే తగులనీ అని.”

ప్రభాకర్ నవ్వాడు. జానీ పాషా కూడా నవ్వాడు గాని మధ్యలో ఆపేశాడు.

“సామ్యూల్ సారు ఏమనలే. మంచి మనిషి. కని పోయెటప్పుడు అన్నడు, ‘మనుషులు దొరకకుంటే చెట్లు, పిట్టలు తీద్దాం చాచా’ అని. చెట్లు పిట్టలు తీసెతందుకు నేనెందుకు? ఆయన తీసుకోడా? మొదటి ఆదివారం మనిషి కూసోకపోతే మళ్ల వారం వాళ్లు రారు. నాకెరుకే.”

వాకిట్లో రెండు కొయ్యల మధ్య తీగ కట్టి ఉంది. దానికి బట్టల క్లిప్పులతో నెగటివ్‌లు వేలాడుతున్నాయి. ఏడాది చివర చలి ఎండ ఉన్న రోజుల్లో జానీ పాషా డబ్బాలు విప్పి, తేమ పట్టినవాటిని ఆరబెట్టి, పాతవి ఏరి పారేస్తాడు. డబ్బాలు రెండు. ఒకటి డాల్డా డబ్బా, బతికున్నవాళ్లది. ఇంకోటి మూత బిగువుగా పట్టే బిస్కెట్ల డబ్బా, పోయినవాళ్లది. డాల్డా డబ్బాలోవి కొన్నాళ్లుంచి పారేస్తాడు. బిస్కెట్ల డబ్బాలోది ఇంతవరకు ఒక్కటి పారేయలేదు.

“బతికినోళ్లు మళ్ల దిగుతరు. పోయినోళ్లు దిగరు గద,” అంటాడు ఎవరైనా అడిగితే.

ఈ ఏడు డాల్డా డబ్బాలోంచి తీసి తగిలించినవి తీగకు సగం కూడా రాలేదు. మిగతాదంతా రెండో డబ్బాదే. కొత్త బస్టాండు దగ్గర రంగుల స్టూడియో వచ్చింది. పెళ్లిళ్లు అక్కడికి పోయాయి, పిల్లల పుట్టిన రోజులు అక్కడికి పోయాయి. చావులకు మాత్రం ఇంకా జానీ పాషానే పిలుస్తున్నారు.

“రంగుల ఫోటో తీసెటోనికి కుర్చీ లేదు,” అన్నది వజీరాబీ.

“కుర్చీ సంగతి గాదు,” అన్నాడు ఆయన. లేచి తీగ దగ్గరికి పోయి ఒక్కొక్కటీ వేలితో తిప్పుతూ నడిచాడు. “మొన్న అన్నీ తగిలించినంక చూసిన. ఎండల తీసినయన్నీ పోయినోళ్లయే. ఈ ఒక్క యేడే గాదు, ఎప్పుడూ గంతే. ఎండ పడితే మొఖం ఎంత మంచిగ వస్తదో నాకెరుక. చెంప మీద ఒక దిక్కు వెలుగు, ఒక దిక్కు నీడ. లోపట దీపాలతోని అది రాదు. ఆ వెలుగుల ఒక్క బతికున్న మనిషిని గూడ తీయలే నేను. గా సార్లు అడిగినప్పుడు నాకు సంబురమెందుకైందంటే గిందుకే. ఫీజు కోసం గాదు.”

ప్రభాకర్ సుద్దముక్క కింద పెట్టాడు. 

“మీ బాపుది గూడ గీడనే ఉన్నది. చూస్తవా?”

ప్రభాకర్ తండ్రి బాలనర్సు వేములఘాట్‌లో పోయినప్పుడు ప్రభాకర్‌కు ఊహ తెలిసీ తెలియని వయసు. ఆ రోజు అతన్ని పక్కింటికి పంపించారు. తరువాత తల్లి కొమురవ్వ బీడీలు చుట్టే పని చూసుకుని కొడుకుతో సిద్దిపేటకు వచ్చేసింది. ఇంట్లో గోడ మీద తండ్రి ఫోటో ఉంది. నల్లటి వెనుకభాగం, దండ, నిటారు మెడ, సూటిగా చూసే కళ్లు. ఆ కళ్లు అచ్చు మీద కుంచెతో గీసినవని ప్రభాకర్ పని నేర్చుకుంటున్న రోజుల్లోనే కనిపెట్టాడు. ఎడమ కన్ను కొంచెం పెద్దది. ఆ మాట ఒకసారి అంటే జానీ పాషా, “అప్పుడు నా కుంచె వెంట్రుకలు ఊడుతుండె,” అన్నాడు.

ఇప్పుడు నెగటివ్‌ను క్లిప్పు నుంచి తీసి, అంచులు పట్టుకుని, ఎండకు ఎత్తి చూశాడు ప్రభాకర్. నల్లనిదంతా తెల్లగా, తెల్లనిదంతా నల్లగా ఉంది. నల్ల జుట్టుతో పోయిన తండ్రికి అందులో తల పూర్తిగా నెరిసి ఉంది. కాసేపు అదే చూశాడు. తరువాత మెడ పక్కన ఇంకేదో కనిపించింది.

“ఇదేంది చాచా? మెడ కింద?”

“చెయ్యి.”

“ఎవ్వలది?”

“మీ అవ్వది. తువ్వాల పెట్టినా తల నిలవలే. ఎవ్వలన్న ఎన్కనుంచి పట్టుకోవాలె అన్న. మొగోళ్లు ఎవ్వలూ ముంగటికి రాలే. మీ అవ్వ గొంగడి అడ్డం కట్టించుకొని, దాని ఎన్క నిలవడి, సందుల నుంచి చెయ్యి పెట్టి పట్టుకున్నది. నేను క్లిక్కు కొట్టెదాక వణకలే. గొంగడి నల్లగుండె గద, అచ్చు మీద చెయ్యి మీద గూడ నల్ల సిరా పూసిన. ఎవ్వల ఫోటోలనైన గట్లనే చేస్తం. చేతులు కనవడితే ఇంట్ల పెట్టుకోరు.”

నెగటివ్‌లో ఆ చెయ్యికి సిరా లేదు. నాలుగు వేళ్లు మెడను పట్టి ఉన్నాయి, బొటన వేలు చెవి వెనక ఉంది. తెల్లటి గొంగడిలోంచి నల్లటి చెయ్యి. అవి తల్లి వేళ్లు, ప్రభాకర్ రోజూ చూసేవే. పొద్దంతా తునికాకు మడుస్తూ, దారం చుడుతూ ఉంటాయి.

“అవ్వ ఎప్పుడు చెప్పలే,” అన్నాడు.

“చెప్పెతందుకు ఏమున్నది? ఆమె ఫోటో ఉన్నదా మీ ఇంట్ల?”

ప్రభాకర్ ఆలోచించాడు. లేదు. రేషను కార్డు కోసం తీయిద్దామంటే ఆమె రానన్నది. “వంతెన ముంగట నిలవడుడు నాకేం పని,” అన్నది.

“అంటే ఆమె దిగిన ఫోటో గిదొక్కటే,” అన్నది వజీరాబీ. “అండ్ల గూడ ఈయన సిరా పూసిండు.”

జానీ పాషా చెయ్యి చాపాడు. నెగటివ్ తిరిగి తీసుకుని క్లిప్పుకు తగిలించాడు. ఇంట్లోకి పోయి కుర్చీ ఎత్తుకొచ్చాడు. దాన్ని వాకిలి మూలన, బట్టల బకెట్టు పక్కన పెట్టాడు. వజీరాబీ మొదట ఆయన్ను, తరువాత కుర్చీని చూసి, తడి బట్టలు తెచ్చి దాని వీపు మీద ఆరేసింది.

ప్రభాకర్ మళ్లీ బోర్డు మీదికి వంగాడు. చిన్నగా రాసిన ‘బయట’ను తడి గుడ్డతో తుడిచాడు. దాని జాగాలో ‘ఎండలో’ అని రాయనా అని అడిగాడు.

“వద్దు. బయట అనే రాయి. పెద్దగ రాయి,” అన్నాడు జానీ పాషా.

మధ్యాహ్నానికి బోర్డు పూర్తయింది. రంగు ఆరాలంటే రేపటిదాకా అక్కడే ఉండాలి. ప్రభాకర్ కుంచెలు కిరసనాయిల్లో కడిగి, గుడ్డలో చుట్టి, సైకిలుకు తగిలించుకున్నాడు. జానీ పాషా సందు చివరిదాకా వెంట వచ్చాడు. అట్లా ఎప్పుడూ రాడు.

“బేటా, ఇంటికే గద పోతున్నవ్?”

“ఆ.”

“మీ అవ్వనొక మాట అడుగు. ఆదివారం పొద్దున చెరువుకట్టకు తోల్కరా. కుర్చీ ఉండదని చెప్పు. కింద కూసుంటదో, నిలవడుతదో, ఆమె ఇష్టం. బీడీల చాట తెచ్చుకుంటనంటే తెచ్చుకొమ్మను. సామ్యూల్ సారు వాళ్లు దూరం నుంచే చూస్తరు, ఆమెను ఏమనరు. ఒక్కటి మాత్రం మరవకుంట చెప్పు, చేతులు కొంగుల దాసుకోవద్దు, ముంగట పెట్టుకొమ్మను.”