నాన్న విల్లుకు నేను పెట్టిన మంట

ఇన్నేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. నా చెల్లెలితో మాట్లాడాల్సి వస్తే ఆమెకు చూపు లేని వైపే కూర్చుంటాను, నా ముఖం ఆమెకు కనబడకూడదని. ఎందుకో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మీరు నాకు తెలియనివాళ్లు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది దమ్మపేట దాటాక అడవి అంచున ఉన్న ఊరు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నాన్న పోయాడు. తడ చెట్టు కర్రతో ఆయన చేసిన విల్లు ఒక్కటే మిగిలింది. అది చెల్లెలు నాగమణికి ప్రాణం. భద్రాచలంలో బాణాల పోటీ పెడుతున్నారని, గెలిచినవాళ్లను హాస్టల్లో ఉంచి నేర్పిస్తారని విని పేరు ఇచ్చింది. అయితే వానలకు తడిసి విల్లు పై సగం పక్కకు తిరిగింది. నారి నడిమికి రాకుండా ఎడమకు జరిగి, బాణం దారి తప్పుతోంది. సరిచేసి పెట్టమని నాకిచ్చింది. పోటీకి ఇంకా వారం ఉంది.

ఆ పని నాన్న దగ్గరే నేర్చుకున్నాను. మంట పనికిరాదు. నిప్పుల మీద జానెడు ఎత్తున పట్టుకుని, ఇప్ప నూనె రాస్తూ, మెల్లగా వేడెక్కించాలి. మోకాలికి ఆనించి వంకర తీసి, చల్లారేదాకా అలాగే పట్టుకోవాలి. తర్వాత రెండు మూడు రోజులు నీడలో ఉంచాలి. వేడికి ఎండిన కర్ర మళ్లీ కాస్త చెమ్మ పీల్చుకునేదాకా నారి కట్టకూడదు. ఇవన్నీ నాకు తెలుసు. తెలియక చేసిన తప్పయితే ఈ బాధ ఇంత ఉండేదా?

ఇవాళ రేపు అంటూ రోజులు గడిపాను. పోటీ ముందురోజు మధ్యాహ్నం కూర్చున్నాను. నిప్పులు అయ్యేదాకా ఆగే ఓపిక లేక మంట మీదే పెట్టాను. లోపలి వైపు నాలుగు వేళ్ల మేర మాడింది. కర్రలో చిన్న చప్పుడు. విన్నాను. చెడగొట్టానని అప్పుడే చెప్పి ఉంటే? ఏడ్చేది, రెండు రోజులు అలిగేది, ఇంకో విల్లు అడిగి తెచ్చుకునేది. అంతే కదా. కానీ నాన్న పనితనం నాకే వచ్చిందని ఊరంతా గొప్పలు చెప్పుకుని తిరిగినవాణ్ని. గాజు పెంకుతో మాడు గీకాను. మచ్చ తెలియకుండా విల్లంతా పొగబెట్టి నూనె రుద్దాను. వెంటనే నారి కట్టి చేతికిచ్చాను. ఆమె మురిసిపోయింది. ఆ మురిపెంలో బాణం లేకుండానే ఒకసారి నారి లాగి వదిలింది. అలా వదిలితే దెబ్బంతా కర్రకే తగులుతుందని నాన్న తిట్టేవాడు.

మర్నాడు పోటీలో రెండో బాణానికి విల్లు విరిగింది. కర్ర పేడు ఎగిరి ఆమె కుడి కంట్లో దిగింది. విరిగింది నేను మాడ్చిన చోటే. పరుగెత్తి ఆమె దగ్గరికి వెళ్లానా? లేదు. ముందు మాడిన చోటున్న ముక్క ఏరి తుండుగుడ్డలో చుట్టుకున్నాను. సాయంత్రం గోదావరిలో పడేశాను. ఇది చదివి నన్ను అసహ్యించుకోండి, మీకు ఆ హక్కుంది.

దవాఖానాలో, ముఖానికి కట్టుతో, నా చెయ్యి పట్టుకుని అడిగింది.

"అన్నా, నిన్న నేను ఉత్తగ గుంజి ఇడిసిన గదా. గందుకే ఇరిగిందా?"

"అవ్" అన్నాను.

"నాయిన విల్లు నేనే ఇరగ్గొట్టిన" అని ఏడ్చింది. కన్ను పోయినందుకు కాదు, అందుకు ఏడ్చింది.

ఆ ఒక్క మాట వెనక్కి తీసుకోవడానికి ఎన్ని రోజులు దొరికాయి! ఆమె పెళ్లిలో, ఇద్దరం తునికాకు కోతకు పోయిన ప్రతి వేసవిలో, చెబుదామని నోరు తెరిచి వేరే ఏదో మాట్లాడాను. ఉత్త నారి వదలడం కూడా కొంత కారణమేమోనని నాకు నేనే ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నానో. ఎవరిని మోసం చేద్దామని? లోపలిదాకా నల్లబడిన ఆ ముక్కను చూసిన కళ్లు నావే కదా.

మొన్న ఆమె కూతురు ఎవరిదో విల్లు పట్టుకొచ్చింది. నాగమణి దాన్ని లాక్కుని, "వద్దు బిడ్డా. నేను జేసిన తప్పుకు మీ తాత విల్లు పాయె, నా కన్ను పాయె" అంది. నేను పక్కనే కూర్చుని అన్నం తింటున్నాను. తినడం ఆపలేదు.

విల్లు మాడ్చింది నేను. నా చెల్లెలి తప్పు ఏమీ లేదు. ఈ రెండు మాటలు ఇన్నేళ్లకు మొదటిసారి రాసి, గొంతెత్తి చదువుకున్నాను. గుండెల మీద బరువు కాస్త కదిలింది. ఆమె ఇల్లు మా ఇంటికి నాలుగు గడపల దూరం. ఇంకా వెళ్లలేదు.