కొండ బంగళాలో మా నాయన పేరు

మనవరాలికి జలుబు చేసినప్పుడల్లా మా అమ్మాయి వేడినీళ్ల గిన్నెలో నాలుగు చుక్కల నీలగిరి తైలం వేస్తుంది. హాల్లో పేపరు చదువుకుంటున్న నాకు ఇక ఆ పూటకు పేపరు సాగదు. ఆ ఘాటు ముక్కుకు తగలగానే ఒక కొండ, కొండ మీద సున్నం కొట్టిన పాత బంగళా, దాని ముందు నీలగిరి చెట్ల కింద పరుపు చుట్టల మీద చలికి ముడుచుకుని కూర్చున్న మా ఇంటిల్లిపాదీ కళ్ల ముందుకొస్తారు. జమ్మలమడుగు పక్క పల్లెలో, పార్టీ కక్షలు పెచ్చుమీరిన రోజుల్లో పెరిగానని చెప్పగానే జనం నన్ను అడిగేవి రెండే ప్రశ్నలు: బాంబులు చూశావా, నరుక్కోవడం చూశావా అని. చూశాను. కానీ మేము వేసవి సెలవులకు కూడా పోయాము. ఆ సంగతి ఎవరూ అడగరు కాబట్టి నేనే చెబుతున్నాను.

మా రేగడిపల్లెలో ఎండాకాలమంటే పగటిపూట నాపబండల అరుగు మీద కాలు పెడితే బొబ్బలెక్కేది. పెన్నలో ఇసుక తోడి చెలమలు తీసి, ఊరిన నీళ్లను చిప్పతో కడవలకు ఎత్తుకునేవాళ్లం. మా నాయన తల్లిని జేజి అని పిలిచేవాళ్లం. ఆమె చీకటితోనే లేచి జొన్న సంగటి కెలికి, వేయించిన చెనిక్కాయలూ పచ్చిమిరపకాయలూ రోట్లో వేసి ఊరిమిండి నూరుతుంటే, ఆ కారానికి ఇంట్లో అందరం తుమ్ముకుంటూ లేచేవాళ్లం. మధ్యాహ్నాలు పసారాలో వామనగుంటలు ఆడుతూ, పుల్ల మామిడికాయ ముక్కలకు ఉప్పూ కారం అద్దుకుని పళ్లు పులిసేదాకా తినేవాళ్లం. ఊరు రెండు పార్టీలుగా చీలి ఉండేది. పై వీధి పిల్లలు మా వీధికి వచ్చేవాళ్లు కాదు, వాళ్ల అంగట్లో మేము పిడికెడు బొరుగులు కూడా కొనేవాళ్లం కాదు.

నేను పుట్టిన ఏడాదే మా పెదనాయనను ముద్దనూరు అవతల జీపు ఆపి చంపేశారు. అప్పటి నుంచీ ఆయన తమ్ముడు, అంటే మా నాయన కొండయ్య, ఇద్దరు మనుషులు వెంట లేకుండా ఊరి పొలిమేర దాటలేదు. ఎక్కడికి పోతున్నదీ ముందుగా ఎవరికీ చెప్పకూడదు. పోయిన దారిన తిరిగి రాకూడదు. బయటి ఊళ్లో ఎవరడిగినా సొంత పేరు చెప్పకూడదు. ప్రొద్దుటూరు గుడ్డల అంగట్లో ఆయన సుబ్బయ్య, కడప లాడ్జీలో ఇంకెవరో. తండ్రులందరికీ ఇట్లా రెండు మూడు పేర్లుంటాయని నేను చాలా రోజులు అనుకున్నాను.

అమ్మది పులివెందుల. పదో తరగతి దాకా చదువుకుంది, ఎవరికీ జంకే మనిషి కాదు. నాకు పదేళ్లు, తమ్ముడికి ఆరేళ్లు ఉన్న వేసవిలో ఒకరోజు వాడు దొడ్లో కూర్చుని, తడిమట్టి ఉండలకు పురికొస చుట్టి వరుసగా పేర్చుకుంటున్నాడు. ఏందిరా అవి అని అమ్మ అడిగితే, “బాంబులు మా. పెదనాయన్ను చంపినోళ్లకు,” అన్నాడు, తల కూడా ఎత్తకుండా. అమ్మ వాణ్ని కొట్టలేదు, తిట్టలేదు. ఆ ఉండలన్నీ కొంగులో వేసుకుని పోయి కుడితి తొట్లో పడేసింది. ఆ సాయంత్రమే మదనపల్లెలో పంతులుగా పనిచేస్తున్న తన తమ్ముడికి కార్డు రాసింది. పది రోజులకు ఆయన జవాబు రాశాడు: హార్సిలీ కొండ మీది బంగళాలో మూడు రోజులకు గది చెప్పి పెట్టాను, బావ పేరు మీదనే రాయించాను అని.

“మూడు దినాలు. నీ మనుషులెవరూ వద్దు. మనమే పోదాం,” అంది అమ్మ.

“నీకేమన్నా పిచ్చా మే? దావలో ఎవడన్నా చూస్తే?”

“చూడనీ. పెండ్లాం పిల్లోల్లను తీసుకోని ఊరికి పోతాండాడు అనుకుంటారు. వీడు ఈడనే ఉంటే ఇంగేం నేర్చుకుంటాడో నువ్వే జెప్పు.”

నాయన నాలుగు రోజులు అరుగుకూ దొడ్డికీ మధ్య తిరిగాడు. ఐదో రోజు డ్రైవరు ఖాదర్ మామను పిలిచి జీపు టైర్లు చూసుకోమన్నాడు.

ఊరికి మాత్రం ప్రొద్దుటూరులో పెళ్లికని చెప్పాము. అందుకని అమ్మ పట్టుచీర కట్టింది, జేజి కాసులపేరు వేసుకుంది. పరుపులూ, కిరసనాయిలు స్టవ్వూ, సంగటి కుండా, చిత్రాన్నం టిఫిను క్యారియరూ, బెల్లం పూర్ణం పెట్టిన ఓళిగల డబ్బా అన్నీ చెనిక్కాయల గోతాల కింద దాక్కున్నాయి. ఎప్పటిలాగే నాయన మనుషులు ఇద్దరు వెనక ఎక్కారు. ప్రొద్దుటూరులో అందరం ఎర్రగా కాలిన కారం దోసెలు తిన్నాం. ఆ తర్వాత నాయన వాళ్లిద్దరికీ రెండో ఆట సినిమాకు టికెట్లు కొనిచ్చి, పెళ్లి ఇంట్లో ఆడవాళ్లకు ఆలస్యమవుతుంది, మీరు చూసి రండప్పా అన్నాడు. వాళ్లు సంతోషంగా లోపలికి పోయారు. తెర మీద పేర్లు పడుతుండగా మేము ఎర్రగుంట్ల దారి పట్టాము. పెద్దవాళ్లను అట్లా ఏమార్చి పారిపోవడం కన్నా పెద్ద ఆట నా చిన్నతనంలో ఇంకొకటి లేదు.

ముద్దనూరు దాటాక కొంతదూరంలో ఒక కల్వర్టు ఉంది. పెదనాయన పోయింది అక్కడే. మా ఇంటి జీపులు ఆ చోట లైట్లార్పి దౌడు తీసేవి. ఖాదర్ మామ కూడా అలవాటుగా లైటు మీటకు చెయ్యి పోనిస్తుంటే, జేజి ఆయన భుజం పట్టుకుంది.

“ఆపప్పా ఖాదరూ. లైట్లు ఆర్పాకు.”

నాయన వద్దన్నాడు. జేజి వినలేదు. దిగి, ఆ లైట్ల వెలుతురులోనే నడిచిపోయి, చెంబులో నీళ్లు కల్వర్టు పక్కన పోసి, ఒక ఓళిగ పెట్టింది. “నీ తమ్ముడూ పిల్లోల్లూ చల్లంగా మూడు దినాలు ఉండను పోతాండారు నాయనా. నేనూ పోతాండా,” అని మామూలుగా, ఎదురుగా ఉన్న మనిషితో చెప్పినట్టు చెప్పింది. పదేళ్లలో మా ఇంటివాళ్లు ఆ నేల మీద కాలు పెట్టడం అదే మొదలు. ఆమె తిరిగి ఎక్కేదాకా నాయన జీపు పక్కన నిలబడే ఉన్నాడు. చీకట్లోంచి ఎవరన్నా వస్తారేమోనని నేను రెండు పక్కలా చూస్తూనే ఉన్నాను. అయినా అంత గర్వం నాకు మళ్లీ ఎప్పుడో గాని కలగలేదు.

తొండూరు, పులివెందుల. అమ్మ పుట్టింటి వీధి మొదట్లోనుంచే పోయాము, కానీ ఆగలేదు. తాను చదివిన బడిని మాత్రం వేలెత్తి చూపించింది. కదిరి దాటేసరికి నిద్ర ముంచుకొచ్చి, జేజి తొడ మీద నా తలా, నా కడుపు మీద తమ్ముడి కాళ్లూ వేసుకుని పడుకున్నాం. కొండ మలుపుల్లో తమ్ముడు జేజి చీర మీద వాంతి చేసుకున్నాడు. రేడియేటరులో నీళ్లు తెర్లి, బండి మొరాయించి నిలబడింది. అది చల్లారేలోపు తూర్పున తెల్లబారింది. ఏప్రిల్ నెలలో చుట్టూ పొగలా మంచు కమ్మడం మేము అప్పుడే చూశాం. తమ్ముడు వాంతి సంగతి మరిచిపోయి, బీడీ తాగుతున్నట్టు హుఫ్ హుఫ్ అని ఊదుతూ కూర్చున్నాడు.

బంగళా ముందు సామాను దించాము. మఫ్లరు చుట్టుకున్న ముసలి గుమాస్తా రిజిస్టరు తెరిచి, పేరేందన్నా అన్నాడు. వరండాలో ఇద్దరు మగవాళ్లు టీ తాగుతూ మాట్లాడుకుంటున్నారు. ‘పోతాండాం’, ‘వస్తాండాం’ అంటూ అచ్చం మా వైపు మాటే. అది చెవిన పడగానే నాయన నోట్లోంచి, ఎన్నేళ్లుగానో అలవాటైన అబద్ధం దానంతటదే వచ్చేసింది.

“రామచంద్రయ్య. కర్నూలు.”

గుమాస్తా వేలితో వరుసలన్నీ వెతికాడు. ఆ పేరుతో గది లేదన్నాడు. ఉన్న ఒక్క గదీ కొండయ్య అనే ఆయనకు చెప్పి ఉంది, ఆయన ఇంకా రాలేదు, సాయంత్రం దాకా చూసి రాకపోతే అప్పుడు మాట్లాడదాం అన్నాడు. నాయన అప్పుడైనా నేనే కొండయ్యను అనొచ్చు. అనలేదు. వచ్చి అమ్మ పక్కన నిలబడి, “రూము ల్యాదంట. ఎండ రాకముందే కిందికి దిగుదాం పా,” అన్నాడు.

అమ్మకు అంతా అర్థమైంది. కానీ కదలలేదు. నీలగిరి చెట్ల కింద మూడు రాళ్లు పెట్టి, గాలికి స్టవ్వు నిలవదని ఎండు పుల్లలు ఏరుకొచ్చి మంట చేసింది. జేజి వాంతి చీర ఉతికి కొమ్మ మీద ఆరేసింది. చిత్రాన్నం తిన్నాం, ఖాదర్ మామ జీపు కింద పడుకుని గురక పెట్టాడు. తమ్ముడు బంగళా గాజు కిటికీలకు ముక్కు ఆనించి లోపలి మంచాలను చూసి చూసి వచ్చి, “మన రూమే గదా మా, మనల్నెందుకు రానీరు?” అని నాలుగైదుసార్లు అడిగాడు. నాయన దూరంగా బండ మీద కూర్చుని, ఆ ఇద్దరు మనుషులనే చూస్తూ ఉన్నాడు. వచ్చిన చోట కూడా ఆయన మా ఊళ్లోనే ఉన్నాడు. నాకు ఆయన మీద కోపం వచ్చింది, జాలి కూడా వేసింది.

మధ్యాహ్నమైంది. అమ్మ లేచి చేతులు కడుక్కుని నాయన ముందుకు పోయింది.

“నువ్వు జెప్తావా, నన్ను జెప్పమంటావా?”

మా వైపు ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో పలకరు. ఓటర్ల జాబితా వాళ్లు వచ్చి అడిగినా పిల్లల చేత చెప్పించేవాళ్లు. అమ్మ కూడా అంతవరకూ ఆ పేరు పలకగా నేను వినలేదు. నాయన తల తిప్పుకున్నాడు. అమ్మ నేరుగా వరండా ఎక్కి, ఆ ఇద్దరి ముందునుంచే గుమాస్తా దగ్గరికి పోయి, బంగళా మొత్తానికి వినబడేట్టు చెప్పింది:

“కొండయ్య. తండ్రి పేరు చిన్న నరసయ్య. రేగడిపల్లె. జమ్మలమడుగు తాలూకా. రాసుకో అన్నా. పొద్దున్నే వచ్చినాం.”

జేజి ముక్కున వేలేసుకుంటుందనుకున్నాను. ఆమె తడి చీర కొమ్మ మీదే వదిలేసి వచ్చి, కోడలి పక్కన నిలబడి, “నా కొడుకే,” అంది. గుమాస్తా కళ్లద్దాలు సర్దుకుని, మరి పొద్దున రామచంద్రయ్య అన్నారే అన్నాడు. రాత్రంతా నిద్ర లేదులే అంది అమ్మ.

టీ తాగుతున్న ఇద్దరిలో పెద్దాయన లేచి నిలబడ్డాడు. నాయన బండ మీదినుంచి దిగి, గబగబా కాదు, మామూలు నడకతో వచ్చి అమ్మకూ ఆయనకూ మధ్య నిలబడ్డాడు. ఆ మనిషి నాయనను ఎగాదిగా చూసి, “మాదీ ఆ పక్కేలే అన్నా. చాపాడు కాడ. నా పేరు వెంకటేసు,” అని, “పిల్లోల్లు పొద్దున్నుంచి బయటనే ఉండారు, టీ ఇప్పీయమంటావా?” అన్నాడు. నాయన ఇప్పించమన్నాడు. తర్వాత రిజిస్టరు తన వైపు తిప్పుకుని, అమ్మ చెప్పినవన్నీ చెప్పిన వరసలోనే, తన చేత్తో రాసి సంతకం పెట్టాడు. గది తలుపు వేసుకున్నాక మంచం మీద వెల్లకిలా పడి, “వాని పేరు వెంకటేసు కాదు మే. వాడూ నాలాంటోడే,” అని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు.

ఆ మూడు రోజులూ ఆయన మా వెంట కొండంతా తిరిగాడు. ఊరికి తిరిగి వచ్చేసరికి, సినిమా హాల్లో వదిలేసిన ఇద్దరూ పార్టీ మనుషులందరినీ పోగేసి అరుగు మీద కూర్చున్నారు. మమ్మల్ని నమ్మకపోతివే అన్నా, నీకేమన్నా అయ్యుంటే మా గతేంది అని నిలదీశారు. అమ్మ లోపలినుంచే, “మీరు గూడా మీ పెండ్లాం పిల్లోల్లను తీసుకోని పోండప్పా. కొండ శానా బాగుండాది,” అంది. పార్టీ ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు నడిచింది, మా ఇంటికి ఇంకో రెండు చావులు వచ్చాయి. కానీ ఏటా మూడు రోజులు మేము ఎక్కడికో ఒకచోటికి పోతూనే ఉన్నాము, పోయిన ప్రతిచోటా నాయన తన పేరే చెప్పాడు.

ఇప్పుడు జేజి లేదు, అమ్మ లేదు, ఖాదర్ మామ లేడు. ఆ కొండ మీద హోటళ్లు లేచాయని, గది కావాలంటే ఫోన్లోనే తీసుకోవచ్చని మా అల్లుడు చెబుతాడు. మా ఊళ్లో జీపులు పోయాయి, పై వీధి అంగట్లో మా వీధి పిల్లలు ఐస్‌క్రీములు కొంటున్నారు.

పోయిన వానకాలం నాయనకు ఆయాసం ఎక్కువైతే కడపలో ఆసుపత్రికి తీసుకుపోయాము. కౌంటరు దగ్గరి పిల్ల పేషెంటు పేరేంటని నన్ను అడిగింది. నేను నోరు తెరిచేలోపే, చక్రాల కుర్చీలో ఒరిగిపోయి ఉన్న మనిషి తల ఎత్తి, హాలంతా తిరిగి చూసేట్టు పలికాడు.

“కొండయ్య. తండ్రి పేరు చిన్న నరసయ్య. రేగడిపల్లె. జమ్మలమడుగు తాలూకా.”

“తాలూకాలు ఇప్పుడు యాడుండాయి తాతా? మండలం చెప్పు,” అంది ఆ పిల్ల.

“ల్యాకపోతే పోనీ. నేను జెప్పింది జెప్పినట్టు రాయి.”

ఆ పిల్ల నా వైపు చూసింది. రాయమ్మా అన్నాను.