చిరిగినవి ఏరేవాళ్ళకి

మా బాబాయిది ఎండుపళ్ళ కొట్టు. ఎవరు కొత్తగా పథ్యం మొదలుపెట్టినా ముందు ఆయన దగ్గరికే వచ్చేవారు. కీటో అంటూ వచ్చినవాళ్ళకి ఖర్జూరం డబ్బా మూత కూడా తీసేవాడు కాదు. "ఇది పంచదారకి అన్నయ్య. బాదం పట్టుకెళ్ళు" అనేవాడు. పాలూ తేనే మానేసినవాళ్ళకి తీపి కోసం ఖర్జూరం ముద్ద, ఉపవాసాలవాళ్ళకి విడిచేటప్పుడు తినడానికి రెండు అంజీర్లు. ఆదిమానవుడి తిండి తింటున్నానంటూ ఒకాయన చక్కెర పూసిన చెర్రీలు అడిగితే, "ఆదిమానవుడికి పాకం పట్టడం ఎవరు నేర్పారు నాయనా?" అని తిప్పి పంపాడు. వచ్చిన బేరాన్ని ఇలా తగలేస్తాడేమిటని నాకు ఒళ్ళు మండేది.

తూకం వేసేముందు అందరినీ ఒకటే అడిగేవాడు. "భోజనం సంగతి సరే, మధ్యమధ్యలో నోట్లో ఏం వేసుకుంటున్నావు?" పథ్యమంతా అక్కడే చెడుతుందని ఆయన నమ్మకం.

కొట్టు వెనకగదిలో, కిటికీ కింద పీట మీద పిన్ని కూర్చుని సరుకు ఏరేది. బస్తాలోంచి దోసెడు పళ్ళెంలో పోసుకుని, కాడలూ రాళ్ళూ తీసేసి, మంచివి డబ్బాలో వేసేది. చిరిగినవి, నలిగినవి ఏరేవాళ్ళ నోట్లోకే. వాళ్ళ వ్యాపారంలో అది ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. ముప్పై ఏళ్ళు పిన్ని కబుర్లు చెబుతూ అలా నములుతూనే ఉంది. పక్కన కూర్చుని నేనూ ఎన్ని నమిలానో లెక్కలేదు.

పోయినేడు పిన్ని కిడ్నీలు దెబ్బతిన్నాయి. పొటాషియం ఎక్కువుండే అరటిపళ్ళు, కొబ్బరినీళ్ళు, ఎండుపళ్ళు వద్దని డాక్టరు కాగితం మీద రాసిచ్చాడు. బాబాయి దాన్ని వంటింటి తలుపుకి అంటించాడు. ఇంట్లోకి కిస్మిస్ పలుకు కూడా రానివ్వలేదు. కూరముక్కలు తనే ఉడికించి, ఆ నీళ్ళు తనే వంచేవాడు. ఆమెతోపాటు తనూ చప్పిడి మెతుకులే తిన్నాడు.

అయినా ప్రతి పరీక్షలోనూ రక్తంలో పొటాషియం పెరుగుతూనే ఉంది. ఇలాగే పెరిగితే గుండె ఆగిపోతుందని డాక్టరు కోప్పడ్డాడు.

"అసలు ఏం పెడుతున్నారు ఆవిడకి?"

పొద్దుటి గంజి దగ్గర్నుంచి బాబాయి వేళ్ళు మడుస్తూ అప్పజెప్పాడు. అందులో ఒక్క అబద్ధం లేదు.

మూడో నెలలో, కొట్టు వెనకగదిలో ఎప్పటిలాగే సరుకు ఏరుతూ పిన్ని పళ్ళెం ముందే వాలిపోయింది. ఆసుపత్రిలో నర్సు ఆమె చెయ్యి తుడుస్తూ, "వేళ్ళు ఇంత బంకగా ఉన్నాయేంటమ్మా?" అంది.

"ఆప్రికాట్లు ఏరుతున్నానమ్మా. చిరిగినవి నోట్లో వేసుకుంటుంటే అంటుకుంటాయి."

బాబాయి ఆ వేళ్ళు తన చేతిలోకి తీసుకున్నాడు. "నాతో చెప్పలేదేమే?"

"చెప్పడానికి అదేమన్నా తిండా?" అంది పిన్ని. మళ్ళీ తనే, "మీరు మాత్రం అడిగారా?" అంది. నిష్ఠూరంగా అనలేదు. అదీ తిండేనని పాపం తనకీ అప్పుడే తెలిసింది.

నాలుగో రోజున పోయింది. నాకు బాబాయి మీద కోపం రాలేదు. ఆ పళ్ళెం పక్కనే కూర్చుని కబుర్లు చెప్పిన నా మీద నాకే వచ్చింది.

ఇప్పుడు ఏరేది ఆయనే. చిరిగినవి పక్కన గిన్నెలో పడేస్తాడు, ఒక్కటి కూడా నోట్లో వేసుకోడు. పథ్యాలవాళ్ళు వస్తూనే ఉన్నారు. అడిగింది తూచి ఇచ్చేస్తాడు. మొన్న పాత ఖాతాదారు ఒకడు నవ్వుతూ, "ఏంటి పెద్దాయనా, మధ్యలో ఏం తింటున్నానో అడగవా?" అన్నాడు.



"అడగాల్సిన మనిషిని అడగలేదయ్యా" అని, బాబాయి పొట్లానికి పురికొస లాగి ముడేశాడు.