పోగు ముడి నేర్పిన సూరన్న

పాత్రపూర్ దగ్గర పల్లెలో అందరూ అతన్ని సూరత్ నాగరాజు అనే పిలుస్తారు. మీసాలు రాని వయసులో రైలెక్కి గుజరాత్‌లోని సూరత్ వెళ్లి, జుట్టు నెరిశాక తిరిగొచ్చినవాడు. ఇప్పుడు బరంపురం శివార్లలో తువాళ్లు నేసే చిన్న షెడ్డులో పవర్‌లూమ్ మగ్గాలు నడుపుతున్నాడు. సూరత్‌లో వచ్చిన కూలి ఇక్కడ రాదు. అయినా పొద్దుగూకేసరికి ఇంటికి చేరి, భార్య పుణ్యవతి వడ్డించిన వేడన్నం తింటున్నాడు. ఆ తృప్తి ముందు తక్కినవన్నీ దిగదుడుపే అంటాడు.

ఒక ఆదివారం బరంపురంలోని లంజిపల్లి నుంచి అరుణజ్యోతి అనే అమ్మాయి స్కూటరు మీద వచ్చింది. వలసపోయి వచ్చినవాళ్లు అక్కడ నేర్చిన పనికి ఇక్కడ ఏపాటి విలువ దక్కుతోందో పరిశోధన చేస్తోందట. కూలి గురించి, మగ్గాల గురించి ఏది అడిగినా నాగరాజు తడుముకోకుండా చెప్పాడు.

"పని ఎవరు నేర్పారండీ? యజమానా?" అని అడిగిందామె.

"సేఠ్ మా మొకమైనా సూడలేదమ్మా. సూరన్న నేర్పినాడు."

సూరన్నది ఇక్కడి సముద్రం ఒడ్డు సోనేపూర్. కొత్తవాడికి పని వచ్చేదాకా సూరత్‌లో పైసా ఇవ్వరు. దిక్కుతోచక మగ్గాల షెడ్డు గుమ్మంలో నిలబడ్డ నాగరాజును అతనే తన మగ్గాల దగ్గరికి తీసుకుపోయాడు. పడుగులో పోగు తెగితే మగ్గం ఆగుతుంది. సూరన్న అయితే రెప్పపాటులో ముడి వేసేయగలడు. అలా వేయకుండా పక్కకి జరిగి, ఆ కుర్రవేళ్లకి పోగు అందించేవాడు. ముడి జారిపోతే మళ్లీ అందించేవాడు. ఒక్కనాడూ విసుక్కోలేదు. ఇదంతా నాగరాజు మురిసిపోతూ చెప్పుకొచ్చాడు.

అరుణజ్యోతి, "మీటరు లెక్కన కూలి కదా. మీరు నేర్చుకున్నన్నాళ్లూ ఆయన మగ్గం ఆగింది, ఆయన కూలి తగ్గింది. మీ చదువుకి ఫీజు ఆయనే కట్టారండీ," అంది.

సూరన్న మంచితనం నాగరాజుకెప్పుడూ గుర్తే. ఆ మంచితనం సూరన్న కంచంలోంచి వచ్చిందని మాత్రం ఇన్నేళ్లలో తట్టనే లేదు. ఆమె వెళ్లిపోయాక కూడా అరుగు మీద అలాగే కూర్చుండిపోయాడు. పుణ్యవతి వచ్చి పక్కన కూర్చుంది.

"మనిసి ఇప్పుడు సోనేపూర్‌లోనే ఉన్నాడు గదా. ఎల్లి సూసిరా," అంది.

తర్వాతి సెలవునాడు తను నేసిన రెండు తువాళ్లు సంచిలో పెట్టుకుని సోనేపూర్ వెళ్లాడు. సూరన్న పెరట్లో వల బాగు చేసుకుంటున్నాడు. బాగా వంగిపోయాడు. ఏళ్ల తరబడి మగ్గాల మోత విని విని చెవులు దాదాపు పోయాయి. చెవిలో నెమ్మదిగా చెప్పుకుందామని దారి పొడుగునా కూర్చుకున్న మాటలు గట్టిగా అరిచి చెప్పాల్సి వచ్చింది.

"అన్నా, నాకు పని నేర్పడానికి నీ మజూరి పోగొట్టుకున్నావు."

"ఏటి?"

"నీ మజూరి, నీ కూలి డబ్బు, అన్నా. నా వల్ల పోయింది. నా ఇల్లు, నా పిల్లల సదువు, అంతా నువ్వెట్టిన బిచ్చమే."

ఆ కేకలకి ఇరుగుపొరుగు గుమ్మాల్లోకి వచ్చారు. ఎవరో తగువుకొచ్చారనుకుని సూరన్న భార్య బుల్లమ్మ పొయ్యి దగ్గర్నుంచి పరుగున వచ్చింది. సంగతి తెలిశాక అక్కడే నిలబడి కొంగుతో కళ్లొత్తుకుంది.

సూరన్న నాగరాజు అందించిన తువాలు మడత విప్పి, అంచు పొడుగునా వేళ్లతో తడిమి చూశాడు.

"పోయిందేటీ లేదురా. నాకూ ఆస్కా ఊరి ఒడియా ఆయనొకడు అలాగే నేర్పినాడు," అని, ఆ తువాలు భుజాన వేసుకున్నాడు. "అంచు బాగా నిలబెట్టినావు."

ఆ పూట బుల్లమ్మ వాళ్లిద్దరికీ చేపల పులుసుతో అన్నం పెట్టింది. నాగరాజు వద్దనకుండా మారు వడ్డించుకుని తిన్నాడు.